‘గోరువెచ్చగా’ అని రాసి ఊరుకోకండి

సంపాదకులకు నమస్కారం.

శిశు సంరక్షణ గురించి మీ పత్రికలో వచ్చే సలహాలను నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మా అమ్మాయి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టి, నాలుగు నెలల మనవరాలికి పగటిపూట సీసాతో పాలు పట్టే బాధ్యత నా మీద, నా భార్య మీద పడిన నాటి నుంచి వాటిని కత్తిరించి దాచుకుంటున్నాను కూడా. సీసా ఎలా కడగాలి, పాపను ఎలా పట్టుకోవాలి, తేన్పు ఎలా రప్పించాలి అన్న విషయాలు వాటిలో వివరంగానే ఉంటున్నాయి. పాలు వెచ్చబెట్టే సంగతి వచ్చేసరికి మాత్రం ‘పాలు గోరువెచ్చగా ఉండేలా చూసి పట్టించాలి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. గోరువెచ్చన అనే మాటలో గోటికేం పనో భాష తెలిసినవారు చెప్పాలి గానీ, పాలు పట్టేవాడికి కావలసింది ఆ వెచ్చదనాన్ని ఎలా తేవాలి, దాన్ని ఎక్కడ తాకి తెలుసుకోవాలి అన్నది. అది తెలియకపోవడం వల్ల మా ఇంట్లో వెంట్రుకవాసిలో తప్పిన ఒక ప్రమాదమే ఈ ఉత్తరానికి కారణం.

ఆ రోజు పాప ఆకలితో గుక్కపట్టి ఏడుస్తోంది. నేను ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, పీకతో, మూతతో సహా మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి, నిమిషమైనా గడవకముందే బయటకు తీశాను. పట్టుకుంటే చల్లదనం విరిగినట్లు మాత్రమే అనిపించింది. ఇంకాస్త వేడి ఎక్కి ఉంటే బాగుండేదని అనుకున్నాను కూడా. పీక పాప పెదవుల దాకా వెళ్ళింది. అప్పుడు నా భార్య ‘ఒక్క క్షణం ఆగండి’ అంటూ సీసా అందుకుని, తన మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు రాల్చుకుంది. రాల్చుకోవడం, చురుక్కుమని చేయి విదిలించడం ఒకేసారి జరిగాయి. ఆ చుక్కలు పడినచోట ఎర్రమచ్చ సాయంత్రం దాకా ఉంది. వాటినే పాప నోట్లోకి పంపబోయిన నేను, ఆ మచ్చను చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

మర్నాడు పాప నిద్రపోయాక, నా చేయి నన్ను ఎందుకు మోసగించిందో తేల్చుకుందామని, అదే సీసాలో నీళ్ళు పోసి, ఈసారి మూత తీసి, ఓవెన్‌లో అంతేసేపు ఉంచాను. తీసిన తర్వాత కదపకుండా, పై సగాన్ని ఒక గ్లాసులోకి, అడుగు సగాన్ని మరో గ్లాసులోకి మెల్లగా వంచాను. మొదటి గ్లాసును చేత్తో పట్టుకోలేకపోయాను. రెండో గ్లాసులోని నీళ్ళు మామూలు మంచినీళ్ళలా ఉన్నాయి. సీసా గోడ మాత్రం ఎప్పటిలాగే ఏ నేరమూ ఎరగనట్లు ఉంది.

ఇందులో వింతేమీ లేదని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇళ్ళలో వాడే మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. ఆ తరంగాలు గాజులోంచి, ప్లాస్టిక్‌లోంచి దాదాపు అలాగే దూసుకుపోయి, పాలలోని నీటిని నేరుగా వేడెక్కిస్తాయి. అవి ఓవెన్ గోడలకు తగిలి వెనక్కి మళ్ళి ఒకదాన్నొకటి కలుసుకునేటప్పుడు, కొన్నిచోట్ల బలం పుంజుకుంటాయి, కొన్నిచోట్ల చచ్చుబడతాయి. అందువల్ల ఒకే సీసాలో ఒకచోట పొగలు కక్కే పాలు, మరోచోట చల్లటి పాలు ఉండగలవు. దీనికి తోడు, వేడెక్కిన పాలు తేలికై పైకి చేరతాయి. పైన అంటే సీసా మెడ దగ్గర. సీసాను పాప నోటికి వంచగానే, మెడ దగ్గరున్న ఆ పాలే మొదట పీకలోకి దిగుతాయి. మూత బిగించిన సీసాను ఓవెన్‌లో పెడితే మరో ముప్పు కూడా ఉంది: లోపల పుట్టిన ఆవిరికి దారి లేక ఒత్తిడి పెరిగి, తెరిచే సమయంలో పాలు ముఖం మీదికి చిమ్మవచ్చు. ఓవెన్‌లో వెచ్చబెట్టిన పాల వల్ల పసిపిల్లల అంగిలి, గొంతు కాలిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి.

సీసా పెట్టెల మీద ‘మైక్రోవేవ్‌లో వేడి చేయరాదు’ అన్న హెచ్చరికలు లేకపోలేదు. కారణం చెప్పని హెచ్చరికను నాలాంటివాడు పెడచెవిన పెడతాడు. ఓవెన్ తరంగాల వల్ల పాలలోకి ఏదో విషం దిగుతుందన్న పుకారును ఆపాదించి, అది అబద్ధమని తేలగానే హెచ్చరికను కూడా అబద్ధాల ఖాతాలో వేసేస్తాడు. నేను చేసింది సరిగ్గా అదే. అసలు చిక్కు ఇంత సులువుగా అర్థమయ్యేదని, వేడి సమానంగా సర్దుకోకపోవడం, దాన్ని సీసా గోడ దాచిపెట్టడం తప్ప అందులో మరే రహస్యమూ లేదని, ఎవరైనా ముందే రాసి ఉంటే నేను ఆ పని చేసి ఉండేవాణ్ణి కాను.

ఇక వేడినీళ్ళ గిన్నెలో సీసాను నిలబెట్టే పాత పద్ధతి సంగతి చూద్దాం. అది పాతది కాబట్టి మంచిదని నేను అనను. ఎందుకు మంచిదో చెప్పడానికి రెండు గట్టి కారణాలున్నాయి. మొదటిది, అక్కడ వేడి బయటి నుంచి, సీసా గోడ గుండా లోపలికి వెళుతుంది కనుక పాల కంటే సీసాయే ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉంటుంది. సీసాను తాకి పొరబడినా, ఆ పొరపాటు జాగ్రత్త వైపే ఉంటుంది. ఓవెన్‌లో అది సరిగ్గా తలకిందులవుతుంది. రెండవది, గిన్నెలోని నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో పాలు అంతకు మించి వేడెక్కలేవు. చేయి సుఖంగా ముంచి ఉంచగలిగిన నీళ్ళలో, అంటే సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న నీళ్ళలో పెట్టిన సీసాను మరచిపోయినా పాలు నోరు కాల్చే స్థితికి చేరవు. స్టవ్ మంటకైనా, ఓవెన్‌కైనా అటువంటి హద్దు లేదు.

అయితే ఈ పద్ధతిలోనూ మేము మొదట్లో తప్పులు చేశాము. నీళ్ళ గిన్నెను స్టవ్ మీద ఉంచి, కింద సన్నమంట పెట్టి, అందులో సీసా నిలబెట్టేవాళ్ళం. మంట ఉన్నంతసేపు నీళ్ళ వేడి పెరుగుతూనే ఉంటుంది కనుక పైన చెప్పిన హద్దు అక్కడ చెల్లదు. నీళ్ళను వేరుగా వేడి చేసి, స్టవ్ ఆపి, గిన్నెను బల్ల మీదికి తెచ్చుకున్న తర్వాతే సీసాను దింపాలి. నీళ్ళు సీసాలోని పాల మట్టం దాకా రావాలి గానీ మూత అంచును తాకకూడదు, ఎందుకంటే మరలు ఉన్నచోటు నుంచి గిన్నెలోని నీళ్ళు పాలలోకి ఊరవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా నీళ్ళనే చల్లబరుస్తుంది కాబట్టి, గిన్నె చిన్నదైతే మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చవలసి వస్తుంది. గాజు సీసా అయితే మరిగిన నీళ్ళలో దించనే దించకూడదు, చిట్లుతుంది. మధ్యమధ్య సీసాను గుండ్రంగా తిప్పుతూ ఉంటే వేడి అంతటా సర్దుకుంటుంది. పైకి తీశాక సీసా బయటి తడిని తుడవాలి. లేకపోతే ఆ వేడి చుక్కలు పాప మెడ మీద రాలతాయి. ఇది చదివి తెలుసుకున్నది కాదు, పాప ఉలిక్కిపడితే తెలిసింది.

పరీక్ష విషయంలో నా భార్యదే సరైన పద్ధతి. అరచేతి చర్మం మందం, పనులు చేసి మొద్దుబారి ఉంటుంది. మణికట్టు లోపలి చర్మం పలచన. శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు కనుక, ఆ వేడికి దగ్గరగా ఉన్న పాల చుక్క మణికట్టు మీద పడితే మహా అయితే కాస్త గోరువెచ్చగా తెలుస్తుంది, వేడిగా అనిపించదు. అది చాలు. చుక్క పడగానే వేడిగా ఉందని మనకు అనిపిస్తే, అది పాపకు ఎక్కువే. చుక్క వేసుకునే ముందు సీసాను తిప్పి పాలను కలపాలి. కలపని సీసా నుంచి వచ్చిన చుక్క ఆ చోటి వేడినే చెబుతుంది. పీకను పెద్దలు తమ నోట్లో పెట్టుకుని రుచి చూసినట్లు చూడడం మరో అలవాటు. పెద్దల నోటిలోని క్రిములను చేతులారా పాపకు అందించడమే అది.

వేడి ఎంతైతే కాల్చుతుందన్న దానికి ఒక కొలత చెబుతాను. 1947లో అమెరికాకు చెందిన మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, 60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మాన్ని లోతుగా కాల్చడానికి సుమారు 5 సెకన్లు చాలు. 49 డిగ్రీల వద్ద అదే గాయం కావడానికి నిమిషాలు పడుతుంది. పసిపిల్లల చర్మం ఇంకా పలచన. పదకొండు డిగ్రీల తేడాలో ఇంత అంతరం ఉన్నప్పుడు, ‘చూస్తే పెద్ద వేడిగా లేదులే’ అన్న అంచనాకు చోటెక్కడిది?

బాటిల్ వార్మర్ అనే పరికరాన్ని మా అమ్మాయి తర్వాత కొని ఇచ్చింది. ఉపయోగకరమే, కానీ దానిలోనూ ఎక్కువసేపు ఉంచితే పాలు ఎక్కువే వేడెక్కుతాయి, కనుక మణికట్టు పరీక్ష తప్పదు. దానితో వచ్చే పెద్ద ప్రలోభం ఏమిటంటే, పాప లేచేసరికి సిద్ధంగా ఉంటుంది కదా అని సీసాను గంటల తరబడి అందులోనే ఉంచడం. పాపకు హాయిగా ఉండే వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ హాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఫ్రిజ్‌లో దాచిన ఫార్ములా పాలను, అంటే పాలపొడితో కలిపిన పాలను, తిరిగి వెచ్చబెట్టడానికి 15 నిమిషాలకు మించి తీసుకోవద్దని, అలా వెచ్చబెట్టిన పాలను రెండు గంటల్లో తాగకపోతే పారబోయాలని ఉంది. తాగగా మిగిలిన సీసాలో పాప లాలాజలం కూడా కలిసి ఉంటుంది కనుక, దాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి మరోసారి వెచ్చబెట్టడం అసలే పనికిరాదు. పారబోయడానికి మనసొప్పదు, నిజమే. కొద్దికొద్దిగా వెచ్చబెడితే పారబోత తగ్గుతుంది. మేము ఇప్పుడు అదే చేస్తున్నాము.

పాఠకులు అన్నిటికంటే ఎక్కువగా తికమకపడేది పాలపొడి దగ్గర. నేనూ పడ్డాను. పాపకు పట్టే పాలు 37 డిగ్రీలకు దగ్గరగా ఉండాలని చెప్పినవారే, పొడిని 70 డిగ్రీలకు తగ్గని నీళ్ళలో కలపాలని కూడా చెబుతారు. రెండూ నిజమే, అవి రెండు వేరువేరు పనులకు సంబంధించినవి. డబ్బా ఎంత పకడ్బందీగా మూసి ఉన్నా పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదు. అందులో క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. క్రోనోబ్యాక్టర్ సోకడం అరుదే అయినా, రెండు నెలల లోపు శిశువుల్లో, నెలలు నిండకుండా పుట్టినవారిలో అది మెదడు పొరల దాకా వెళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది. 70 డిగ్రీల నీళ్ళు ఆ క్రిములను చంపడానికి. ఆ తర్వాత వేగంగా చల్లార్చడం పాప తాగడానికి. చల్లార్చే పని తప్పించుకుందామని పొడిని నేరుగా గోరువెచ్చని నీళ్ళలో కలిపితే, క్రిములను చంపే మెట్టును దాటవేసి, అవి పెరగడానికి అనువైన వెచ్చదనాన్ని మాత్రం సమకూర్చినట్లవుతుంది. మరిగించిన నీళ్ళను అరగంటకు మించి ఆరనివ్వకుండా, కొలిచి శుభ్రమైన సీసాలో పోసి, ఆ తర్వాత పొడి వేసి కలిపి, మూత బిగించిన సీసాను కుళాయి ధార కింద గానీ, చన్నీళ్ళ గిన్నెలో గానీ చల్లబరచాలి. ఇక్కడ కూడా నీళ్ళు మూత కిందే ఉండాలి, ఇక్కడ కూడా చివరి తీర్పు మణికట్టుదే. ఎప్పటికప్పుడు కలుపుకోవడమే ఉత్తమం. తప్పనిసరై ముందే కలిపి ఉంచితే, వెంటనే చల్లార్చి 5 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో 24 గంటల వరకు దాచవచ్చు.

తల్లిపాలను పిండి నిలవ ఉంచిన సీసాలకు ఈ 70 డిగ్రీల మాట వర్తించదు. అసలు వాటిని అంత వేడి చేస్తే నష్టమే. తల్లిపాల బ్యాంకుల్లో దాతల పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచుతారు. ఎవరి పాలో ఎవరి బిడ్డకో పట్టాలి కనుక అది అవసరం. ఆ వేడికే పాలలోని రోగనిరోధక పదార్థాలు కొంత దెబ్బతింటాయి, కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైము పూర్తిగా పనిచేయడం మానేస్తుంది. కన్నతల్లి పాలు కన్నబిడ్డకే పడుతున్నప్పుడు ఇంట్లో ఆ నష్టాన్ని కొనితెచ్చుకోవలసిన పని లేదు. గడ్డకట్టించిన పాలను ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుంటే మెల్లగా కరుగుతాయి. పూర్తిగా కరిగినప్పటి నుంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. వెచ్చబెట్టిన తర్వాత వాడడానికి అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ అయిన సీడీసీ చెప్పే గడువు రెండు గంటలు. నిలవ ఉంచిన తల్లిపాల మీద కొవ్వు మీగడలా వేరుగా తేలితే పాలు విరిగాయని నేను మొదటిసారి పారబోయబోయాను. మా అమ్మాయి పడ్డ శ్రమ అంతా తూములోకి పోయేది. సీసాను మెల్లగా తిప్పితే ఆ కొవ్వు మళ్ళీ కలిసిపోతుంది. కొందరు తల్లుల పాలు నిలవ ఉంచితే సబ్బు వాసన వస్తాయి. అదీ లైపేజ్ పనే, పాలు చెడినట్లు కాదు.

ఇంత రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పాలు వెచ్చబెట్టి తీరాలన్న నియమం ఏదీ లేదు. సరిగా తయారుచేసిన లేదా నిలవ ఉంచిన పాలను గది వేడి వద్ద పట్టినా, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పట్టినా బిడ్డకు హాని లేదని సీడీసీ కూడా చెబుతోంది. వెచ్చటి పాలకు అలవాటు పడిన బిడ్డ చల్లటివి తోసిపుచ్చవచ్చు. అది ఇష్టం సంగతి, ఆరోగ్యం సంగతి కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో మాత్రం వైద్యులు చెప్పినట్లే నడుచుకోవాలి. చల్లటి పాలంటే మా ఇంట్లో ఇప్పటికీ నా భార్య ఒప్పుకోదు, ఆమెతో వాదించే స్థితిలో నేనూ లేను. కానీ అర్ధరాత్రి, నిద్రమత్తులో, వేడినీళ్ళతో తంటాలు పడలేని తల్లికి ‘అలాగే పట్టినా ఫరవాలేదమ్మా’ అని చెప్పగలగడం ఎంత పెద్ద ఊరట!

వేడినీళ్ళంటే గుర్తుకు వచ్చింది. ఒక చంకలో పాపను ఎత్తుకుని, రెండో చేత్తో మరిగే నీళ్ళు గిన్నెలో వంపడం మేమిద్దరం చాలాసార్లు చేశాము. పాప కాలు విసిరితే ఆ నీళ్ళు ఎక్కడ పడేవో తలచుకోవడానికే భయం వేస్తోంది. ఏడ్చినా సరే, పాపను ముందు సురక్షితమైన చోట పడుకోబెట్టి గానీ ఇప్పుడు మేము నీళ్ళ గిన్నె ముట్టుకోవడం లేదు. ఆ గిన్నెను బల్ల అంచున కాకుండా లోపలికి జరిపి పెడుతున్నాము. పాప ఈ మధ్యనే అందినదాన్నల్లా లాగడం నేర్చింది.

కాబట్టి నా మనవి ఇది. ఇకపై మీ శిశు సంరక్షణ పుటలో పాల సీసా ప్రస్తావన వచ్చినప్పుడు ‘గోరువెచ్చగా’ అన్న మాట పక్కన మరో నాలుగు వాక్యాలకు చోటివ్వండి: ఓవెన్ ఎందుకు వద్దో, నీళ్ళ గిన్నె ఎందుకు మేలో, చుక్క ఎక్కడ వేసుకోవాలో, పొడికి 70 డిగ్రీలు ఎందుకో. ఓవెన్ సంగతి రాసేటప్పుడు సీసా గోడ చల్లగానే ఉంటుందన్న ముక్క మాత్రం విడిచిపెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అది అచ్చయిన రోజున కత్తిరించి, మా వంటింట్లో ఓవెన్ తలుపుకే అంటిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
మనవరాలికి పాలు పట్టే ఒక తాత